చదునైన కాగితం మీద లేచి నిలిచే బొమ్మ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నాకు ఇచ్చిన పది నిమిషాల్లో బొమ్మల సంగతి చెబుతాను. సర్వీసంతా డ్రాయింగు బల్ల ముందే గడిపినవాణ్ణి, నాకు తెలిసిన విద్య అదొక్కటే. కాగితం మీద గీసిన గ్లాసు నిజంగా బల్ల మీద నిలబడినట్టు కనిపించడం మీలో చాలామంది చూసే ఉంటారు. మనవలు సెల్‌ఫోనులో అలాంటివి చూపించి "తాతయ్యా, ఇదెలా?" అని అడుగుతుంటారు. ఇందులో మాయ ఏమీ లేదు, కొలత ఉంది. అది తెలిస్తే మన వయసులో ఒక మేలు కూడా ఉంది. ఆ మాట చివర మనవి చేస్తాను.

కాగితానికి పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి. లోతును మన మెదడు కొన్ని ఆనవాళ్లను బట్టి పోల్చుకుంటుంది. దూరాన ఉన్నది చిన్నదిగా కనిపిస్తుంది. రైలు పట్టాలు పోను పోను దగ్గరవుతాయి. ముందున్నది వెనకదాన్ని కప్పుతుంది. ప్రతి వస్తువుకూ నీడ ఉంటుంది. చిత్రకారుడు ఈ ఆనవాళ్లనే కాగితం మీద పెడతాడు. మిగతా పని చూసేవారి కళ్లే చేసుకుంటాయి.

అయితే ఒక షరతు ఉంది. సరైన చోట నుంచి చూడాలి. రోమ్‌లోని సాంత్ ఇన్యాజియో చర్చిలో గుమ్మటం కట్టలేదు. ఆంద్రియా పోజో అనే చిత్రకారుడు 1685లో చదునైన గుడ్డ మీద గుమ్మటం చిత్రించి అక్కడ అమర్చాడు. ఎక్కడ నిలబడి చూడాలో నేల మీద గుర్తు ఉంది. అక్కడ నిలబడితే నిజమైన గుమ్మటమే. పక్కకు జరిగితే అది ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది.

ఇక మన గ్లాసు. ఒక కాగితం మీద 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల గడి గీసి, 2 సెంటీమీటర్ల చదరాలుగా విభజించండి. అడ్డంగా 3, నిలువుగా 5, మొత్తం 15 గళ్లు. అందులో మామూలుగా గ్లాసు బొమ్మ వేయండి.

రెండో కాగితం మీద అడుగున 6 సెంటీమీటర్ల గీత గీయండి. దానికి 20 సెంటీమీటర్ల పైన, మధ్యకు సరిపోయేలా, 9 సెంటీమీటర్ల గీత గీయండి. రెండింటినీ మూడేసి సమభాగాలు చేసి నిలువు గీతలతో కలపండి. అడుగు గీత నుంచి 2.9, 6.2, 10, 14.5 సెంటీమీటర్ల దగ్గర అడ్డగీతలు గీయండి. ఇప్పుడు మొదటి కాగితంలో ఏ గడిలో ఏ గీత ఉందో, రెండో కాగితంలో అదే గడిలోకి దించండి. గ్లాసు సాగిపోయి వికారంగా కనిపిస్తుంది. కంగారు పడవద్దు. కిటికీ ఎడమవైపు ఉంటే నీడను కుడివైపు, గ్లాసు అడుగు నుంచి మొదలయ్యేలా పెన్సిలుతో రుద్దండి. గళ్ల గీతలు చెరిపేసి, గ్లాసు పై సగం చుట్టూ కాగితాన్ని కత్తిరించండి.

కాగితాన్ని బల్ల మీద పరచండి. అడుగు గీతకు ఇవతల 40 సెంటీమీటర్ల దూరంలో, బల్లకు 30 సెంటీమీటర్ల ఎత్తులో కన్ను పెట్టి, రెండో కన్ను మూసి చూడండి. గ్లాసు లేచి నిలబడుతుంది.

ఒక కన్ను ఎందుకు మూయాలి? రెండు కళ్లకూ వస్తువు కాస్త తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాను బట్టే మెదడు "ఇది చదునైన కాగితం" అని పట్టేస్తుంది. ఒక కన్ను మూస్తే ఆ తనిఖీ ఉండదు. ఇక మిగిలేవి గీత, నీడ మాత్రమే.

నేను మొదట చెప్పిన మేలు ఇక్కడే ఉంది. మనలో కొందరికి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయి, రెండోది ఇంకా మసకగానే ఉంటుంది. అంటే ఆ తనిఖీ సరిగా జరగదు. అలాంటివారు ఒకే రంగు గ్రానైటు మెట్లు మసక వెలుతురులో దిగుతుంటే అంచు గీతా కనపడదు, నీడా కనపడదు. నాలుగు మెట్లు ఒకే చదును బండలా కనిపిస్తాయి. బైఫోకల్ అద్దాల కింది భాగం చదువుకోవడానికి పెట్టింది కనుక, అందులోంచి చూస్తే కాలి దగ్గరి మెట్టు మరింత అలుక్కుపోతుంది.

కాబట్టి ప్రతి మెట్టు అంచునా రెండు వేళ్ల వెడల్పున, మెట్టు రంగుకు భిన్నమైన రంగు పట్టీ వేయించండి. మెట్లకు పైనా కిందా స్విచ్చి ఉండేలా చూసుకోండి. దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని, తల వంచి అద్దాల పై భాగంలోంచి చూడండి. నడకకు వేరే కళ్లజోడు కావాలేమో కంటి డాక్టరును అడగండి.

ఈ ఆదివారం మనవలను కూర్చోబెట్టుకుని గ్లాసు బొమ్మ గీయండి. అది పూర్తయ్యాక అదే స్కేలుతో, అదే మనవల చేత మెట్ల అంచులకు గీతలు కొట్టించండి. కాగితం మీది గీత లేని లోతును చూపిస్తుంది. మెట్టు మీది గీత ఉన్న లోతును చూపిస్తుంది. మనకు రెండూ కావాలి.