చిన్నబిడ్డలు, మూగజీవులు
(రేడియో ప్రసంగము)
వాక్యభాగములు: ఆదికాండము 2:19, మత్తయి 10:29, యోనా 4:11

ఈ ఉదయం రేడియో దగ్గర కూర్చున్న తల్లిదండ్రులారా, సండేస్కూలు టీచర్లారా, అంగన్‌వాడీలలో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లారా, ఈనాటి వర్తమానము ముఖ్యంగా మీ కోసమే.

మూడేళ్లు, నాలుగేళ్లు, ఐదేళ్ల బిడ్డలకు జంతువులను గురించి ఎలా నేర్పాలి? ఇది బడికి సంబంధించిన సంగతి కదా, పాస్టరుగారికి దీనితో ఏం పని అని మీరు అనుకోవచ్చు. అయితే ఆదికాండము 2వ అధ్యాయము 19వ వచనము జాగ్రత్తగా చదవండి. ఆదాముకు జరిగిన మొదటి పాఠం ఇదే. దేవుడు మృగములను, పక్షులను చేసి వాటిని ఆదాము దగ్గరకు తీసుకొచ్చాడు. పేర్ల పట్టీ ఒకటి చేతికిచ్చి బట్టీపట్టమనలేదు. ఆదాము ఏ పేరు పెడతాడో చూద్దామని ఆయన వేచియున్నాడు. సమస్తమును ఎరిగిన దేవుడు మాట్లాడకుండా నిలిచి, తాను చేసిన మనిషి నోటి మాట కోసం చెవియొగ్గాడు. ప్రియులారా, ఇంతకంటే గొప్ప ఉపాధ్యాయుడు ఎవరున్నారు? ప్రాణిని ఎదుట పెట్టాలి, బిడ్డను చూడనివ్వాలి, మాట్లాడనివ్వాలి, మనము వినాలి. ఇది ఆయన చూపిన పద్ధతి.

జర్మనీ దేశంలో 1782లో ఒక లూథరన్ పాస్టరుగారి ఇంట ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే బాలుడు పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకున్నాడు. ఆ బాలుడే పెద్దవాడై 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊరిలో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. అక్కడ పిల్లలకు నిజమైన మడులు ఉండేవి. నాటడం, నీళ్లు పోయడం, కనిపెట్టుకొని ఉండడం వాళ్ల చదువు. మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన పథకం క్రింద వచ్చిన అంగన్‌వాడీ పేరులో కూడా ముంగిలి అనే మాట ఉన్నది. చిన్నబిడ్డల చదువు నాలుగు గోడల మధ్య మొదలు కాదు, ముంగిట్లో మొదలవుతుందని పెద్దలు ముందే గ్రహించారు.

ఒక పల్లెలో చర్చి ఆవరణలో నడిచే బాలవాటికకు వెళ్లినప్పుడు నేను చూచిన సంగతి చెబుతాను. అక్కడి టీచరమ్మ పెరటి కరివేపాకు చెట్టు దగ్గరకు పిల్లలను తీసుకెళ్లింది. ఆకుల మీద పిట్టరెట్టలాగా కనబడుతున్న చిన్న పురుగులు ఉన్నాయి. ఆ కొమ్మలను నీళ్లసీసాలో పెట్టి, దోమతెర గుడ్డ చుట్టి, గదిలో ఒక మూల ఉంచారు. రోజుకొక బిడ్డది తాజా ఆకు తెచ్చే వంతు. కొద్దిరోజులకు పురుగులు పచ్చగా మారాయి. పుల్లతో తాకితే తలవెనుక నుండి ఎర్రని కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన కొట్టాయి. “టీచర్, దానికి కోపమొచ్చింది!” అన్నాడొక బుడతడు. “కోపం కాదు నాన్నా, భయపడింది. తనను కాపాడుకోవడానికి దేవుడు దానికి అది ఇచ్చాడు” అన్నది ఆమె. ఆ తరువాత ఎవరూ పుల్ల పట్టుకోలేదు. పిల్లలు దాని కాళ్లు లెక్కపెట్టారు. ముందు ఆరు, వెనుక పది మెత్తని కాళ్లు, మొత్తం పదహారు. బొమ్మలు గీశారు. మట్టితో పురుగులు చేశారు.

అప్పుడు ఒక తల్లి వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. “అమ్మా, నేను వేలిముద్ర వేసేదాన్ని. నా కొడుకు అలా కాకూడదని పంపిస్తున్నాను. పలక మీద అఆలు దిద్దించకుండా పురుగులతో ఆటలేంటమ్మా?” అన్నది. ప్రియులారా, ఆ తల్లిని తప్పుపట్టకండి. ఆమె భయం నిజమైనది. చదువు లేని బాధ ఆమె అనుభవించింది. టీచరమ్మ వాదించలేదు. ఆమెను కూర్చోబెట్టి, “బాబూ, అమ్మకు చెప్పు” అన్నది. ఇంట్లో నాలుగు మాటలు కూడా కలిపి మాట్లాడని ఆ బాలుడు ఆకు, ఈనె, పెంట, చర్మం విడవడం అన్నీ వరుసగా చెప్పాడు, పదహారు వరకు లెక్కపెట్టాడు. చెప్పడానికి ఒక సంగతి ఉన్న బిడ్డకు రాయడానికి అక్షరం కావాలనే ఆశ పుడుతుంది. అక్షరాలు అవసరం లేదని నేను చెప్పడం లేదు. ఆ ఆశను ముందు పుట్టించండి, వేళ్లు గట్టిపడిన తరువాత అక్షరాలు వస్తాయి అంటున్నాను.

ఒక ఉదయం ఒక పురుగు నల్లబడి చచ్చిపోయి ఉన్నది. పిల్లలు రాకముందే దాన్ని పారవేసి మరొకటి పెట్టవచ్చు. టీచరమ్మ అలా చేయలేదు. పిల్లలతో కలిసి చెట్టు మొదట్లో పాతిపెట్టింది. నాలుగేళ్ల పాప ఒకతె, “యేసయ్య చూశాడా?” అని అడిగింది. మత్తయి 10వ అధ్యాయములో ప్రభువు చెప్పిన పిచ్చుకను జ్ఞాపకం చేసుకోండి. చవకగా అమ్ముడుపోయే పిట్ట నేలరాలినా అది తండ్రికి తెలియకుండా జరగదని ఆయన బోధించాడు. “చూశాడమ్మా” అన్నది టీచరమ్మ. ఆ సంవత్సరమే ఆ పాప వాళ్ల తాతయ్య ప్రభువునందు నిద్రించాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పాలో తెలియక ఉన్నప్పుడు, “యేసయ్య చూశాడు” అని చెప్పింది ఆ బిడ్డే.

మిగిలిన పురుగులు సన్నని పోగుతో తమను కొమ్మకు కట్టుకొని కదలకుండా ఉండిపోయాయి. సుమారు పది రోజుల తరువాత సీతాకోకచిలుకలు వచ్చాయి. రెక్కలు ఆరేవరకు ఎవరూ ముట్టలేదు. తరువాత తెర తీసి వదిలివేశారు. పట్టుకోవడమే కాదు, వదలడం కూడా నేర్పారు.

టీచర్లకు, తల్లిదండ్రులకు కొన్ని జాగ్రత్తలు చెబుతాను. నీతిమంతుడు తన పశువు ప్రాణం విషయంలో శ్రద్ధ చూపుతాడని సామెతలు 12:10 బోధిస్తున్నది. కనుక సంతలో రంగు వేసి అమ్మే కోడిపిల్లలను ఆటబొమ్మల్లాగా కొనివ్వకండి. తల్లి వెచ్చదనం లేక అవి చాలావరకు బ్రతకవు. రామచిలుకను పంజరంలో పెట్టి చూపించకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని నిషేధిస్తున్నది. ఏ ప్రాణిని తాకినా సబ్బుతో చేతులు కడిగించండి. తెలియని కుక్క దగ్గరకు పోకూడదని నేర్పండి. కుక్క కరిస్తే 15 నిమిషాలు పారే నీళ్లతో, సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించండి. పసరు మందుల కోసం తిరగకండి.

చివరిగా యోనా గ్రంథము చూడండి. నీనెవెను దేవుడు ఎందుకు కనికరించాడు? గ్రంథము చివరి వచనములో ఆయన రెండు సంగతులు లెక్కలోకి తెచ్చాడు. కుడియెడమలు తెలియని 1,20,000 మంది, దానితోబాటు ఎన్నో పశువులు. ఆ మాట చిన్నబిడ్డలను గురించినదని అనేక వ్యాఖ్యాతలు చెబుతారు. ప్రవక్త తన నీడనిచ్చిన చెట్టును గురించి దుఃఖపడుతుంటే, దేవుడు బిడ్డలను, మూగజీవులను ఒకే మాటలో కలిపి జాలిపడుతున్నాడు. ఆయన హృదయంలో ప్రక్కప్రక్కన ఉన్నవారిని మన బడిలో మనము విడదీయవద్దు.

ఈ వారం మీ బిడ్డను ముంగిట్లోకి తీసుకెళ్లండి. ఒక చీమల బారు దగ్గర కూర్చోండి. మీరు తక్కువ మాట్లాడి, బిడ్డ ఏం చెబుతుందో వినండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, నీవు చేసిన ప్రతి ప్రాణిని బట్టి నీకు స్తోత్రములు. మా బిడ్డల చేతులను కనికరము గల చేతులుగా చేయుము. వారికి నేర్పే టీచర్లకు ఓర్పును, వారిని పంపే తల్లిదండ్రులకు ధైర్యమును దయచేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.