చెత్త బండి వెనక నిధుల లెక్క

పొద్దున్నే గుండ్లపోచంపల్లి వీధుల్లో తిరిగే చెత్త బండికి, ఆ చెత్తను శుద్ధి చేసే కేంద్రానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? కొంత మనం కట్టే ఇంటిపన్ను, కొంత ప్రభుత్వ నిధులు.

2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛభారత్ మిషన్ రెండో దశలో శుద్ధి కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వాటాను జనాభాను బట్టి నిర్ణయించారు. లక్షలోపు ఊళ్లకు 50 శాతం, పది లక్షలలోపు పట్టణాలకు 33, ఆపైన నగరాలకు 25 శాతం. మిగతాది రాష్ట్రం, స్థానిక సంస్థ చూసుకోవాలి. మన దగ్గర ఆ స్థానిక సంస్థ మారింది: 2018లో మునిసిపాలిటీ అయిన మన ఊరిని 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిపారు.

నిధులు ఎన్ని వచ్చినా, కలిసిపోయిన చెత్తను విడదీయడం తలకు మించిన పని. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనలే చెప్పాయి. కూర అంటిన అట్టపెట్టె కాగితం మిల్లుకు పనికిరాదు. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా తెగ్గోయకండి. ఆ చిన్న ముక్కను ఏరడం ఎవరి తరమూ కాదు. ప్యాకెట్‌ను కడిగి ఆరబెట్టి పొడి చెత్తలో వేయండి.

హైదరాబాద్ నగరం చెత్త చేరే జవహర్‌నగర్ మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉంది. మనం వేరు చేసిన ప్రతి కిలో అక్కడి భారాన్ని తగ్గించడానికి తోడ్పడుతుంది.