మాట నిలబెట్టుకోవడమే దేశానికి గొప్పతనం

పట్టాలు అందుకున్న విద్యార్థులందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

మీలో కొందరు త్వరలో అమెరికా విమానం ఎక్కుతారు. మరికొందరికి అన్నో అక్కో ఇప్పటికే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఉంటారు. మన ఇళ్లల్లో అమెరికా మాట వస్తే వీసాల గురించి, జీతాల గురించి మాట్లాడుకుంటాం. ఆ దేశం తనను తాను లోకంలో ప్రత్యేకమైనదిగా ఎందుకు భావించుకుంటుందో, ఆ గర్వానికి ఆధారం ఏమిటో అంతగా చర్చించుకోం. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే కాలం ఇది. అందుకే ఈ రోజు ఆ సంగతినే మీ ముందు పెడుతున్నాను.

1630లో జాన్ విన్‌థ్రాప్ నాయకత్వంలో ప్యూరిటన్లనే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు ఇంగ్లండ్ విడిచి మసాచుసెట్స్ తీరానికి వచ్చారు. కొండ మీది నగరంలా మనం అందరి కంటా పడతామని, లోకమంతా మనల్నే గమనిస్తుందని ఆయన తనవాళ్లకు ఉద్బోధించాడు. అమెరికా నాయకులు ఇప్పటికీ ఆ మాటను తలుచుకుంటారు. అయితే తమకు నచ్చిన రీతిలో దేవుణ్ణి కొలుచుకోవడానికి సముద్రం దాటినవాళ్లే ఇతరులకు ఆ అవకాశం లేకుండా చేశారు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నందుకు రోజర్ విలియమ్స్ అనే మతబోధకుణ్ణి వెళ్లగొట్టారు. బహిష్కరించినా భయపడక తిరిగివచ్చిన మేరీ డయర్ అనే క్వేకర్ శాఖ మహిళను 1660లో బోస్టన్‌లో ఉరి తీశారు. అణచివేతను అనుభవించినంత మాత్రాన ఎదుటివారి స్వేచ్ఛ పట్ల గౌరవం దానంతటదే రాదు. దాన్ని ప్రయత్నపూర్వకంగా నేర్చుకోవాలి.

అలా నేర్చుకున్నవాడు విలియమ్స్. 1636లో నరగాన్‌సెట్ ఆదివాసులు ఇచ్చిన నేల మీద ఆయన ప్రావిడెన్స్ ఊరిని నెలకొల్పాడు. అక్కడ ఎవరి విశ్వాసం వారిది. అలాంటి ఆలోచనే తర్వాతి కాలంలో వర్జీనియాలో చట్టంగా రూపుదిద్దుకుంది.

వర్జీనియాలో ఒకప్పుడు ఆంగ్లికన్ చర్చి పోషణకు ఏ శాఖవారైనా పన్ను కట్టాల్సిందే. అనుమతి లేకుండా బోధించినందుకు బాప్టిస్టు బోధకులు జైలుపాలయ్యారు. ఆ తర్వాత క్రైస్తవ బోధకులందరి పోషణకూ పన్ను వేయాలని అక్కడి నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ ప్రతిపాదిస్తే, 1785లో జేమ్స్ మాడిసన్ ఘాటైన విజ్ఞాపన పత్రం రాసి దాన్ని అడ్డుకున్నాడు. మరుసటి ఏడు జనవరిలో, థామస్ జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛా చట్టాన్ని శాసనసభ చేత ఆమోదింపజేశాడు. దాని పీఠికలో యేసుక్రీస్తు పేరు చేర్చాలని కొందరు కోరితే, సభలో అత్యధికులు కాదన్నారు. ఈ చట్టం యూదులకూ క్రైస్తవులకూ ముస్లింలకూ హిందువులకూ, ఏ మతాన్నీ నమ్మనివారికీ వర్తిస్తుందని జెఫర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ గడ్డ మీద గుడి కట్టుకునేంతమంది హిందువులు లేని కాలమది. సంఖ్యాబలం లేనివారి హక్కును వాళ్లు వచ్చి అడగకముందే ఆ చట్టం గుర్తించింది. అమెరికా గర్వపడాల్సిన చోటు ఏదని నన్నడిగితే దీన్నే చూపిస్తాను. సరిగ్గా 190 ఏళ్ల తర్వాత, 1976లో, పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం వెలిసింది. అక్కడ దండం పెట్టుకున్న ప్రతి తెలుగు కుటుంబం ఆ పాత చట్టం నాటిన నీతిని వారసత్వంగా అందుకున్నదే.

అయితే ఇచ్చిన మాట వేరు, నడిచిన తీరు వేరు. స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. విలియమ్స్‌ను ఆదుకున్నది ఆదివాసులు. అలాంటి ఆదివాసుల నృత్యాలనూ క్రతువులనూ 1883లో అమెరికా ప్రభుత్వం నేరాలుగా ప్రకటించింది. వారి మత స్వేచ్ఛను కాపాడతామని ప్రత్యేకంగా చట్టం చేసింది 1978లో. మనవాళ్లకూ ఆ తలుపులు తేలిగ్గా తెరుచుకోలేదు. భారతీయుడు శ్వేతజాతీయుడు కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో తేల్చేసింది. ఆ అర్హత 1946లో దక్కింది, అదీ ఏడాదికి 100 మంది వలసదారుల కోటాతో. 1965 వలస చట్టం తర్వాతే మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు.

మరి ఆ ఆదర్శాలన్నీ బూటకమా? ముమ్మాటికీ కాదు. 1963లో వాషింగ్టన్ సభలో మార్టిన్ లూథర్ కింగ్ ఏమన్నాడో గుర్తు చేసుకోండి. దేశ నిర్మాతలు ప్రతి అమెరికన్‌కూ ప్రోనోటు రాసిచ్చారని, నల్లవారి విషయంలో దేశం దాన్ని ఎగవేసిందని, ఆ బాకీ వసూలుకే తాము వచ్చామని అన్నాడు. ఆ పత్రాన్ని ఆయన చింపెయ్యలేదు. దాన్నే చేతబట్టుకుని నిలదీశాడు. దేశాన్ని ప్రేమించడమంటే అదే. దాని గొప్ప మాటలను నమ్మాలి, ఆ మాటలకు దాన్ని కట్టుబడేలా చేయాలి.

ప్రేమను బలవంతంగా రాబట్టలేం. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1943లో, తమ మత విశ్వాసం కారణంగా జెండాకు వందనం చేయని బడిపిల్లలను శిక్షించరాదని అమెరికా సుప్రీంకోర్టు బార్నెట్ కేసులో తీర్పిచ్చింది. మూడేళ్ల కిందటి తన తీర్పునే అది తిరగరాసింది. 1986లో అలాంటి కేసే మన సుప్రీంకోర్టుకు వచ్చింది. జాతీయ గీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడి, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలపని ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి తీసేశారు. మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు ఆ అమెరికా తీర్పును కూడా పరిశీలించి, మన రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛలను ఆధారం చేసుకుని, పిల్లలను తిరిగి చేర్చుకోమని ఆదేశించారు. స్వేచ్ఛ ఏ ఒక్క దేశం సొత్తూ కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి!

ప్రియమైన విద్యార్థులారా, మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక చోట సంఖ్యలో తక్కువవారు, మరో చోట ఎక్కువవారు. పరాయి నేల మీద తక్కువవారిగా మీరు ఏ హక్కు కోరుకుంటారో, సొంత ఊరిలో ఎక్కువవారిగా ఉన్నప్పుడు అదే హక్కును పొరుగువారికి దక్కనివ్వండి. వారి ప్రార్థనకు ఎవరైనా అడ్డు వచ్చినప్పుడు ముందుగా మీ గొంతు వినిపించండి. ఏ దేశంలో స్థిరపడినా ఆ దేశ రాజ్యాంగాన్ని చదవండి. అందులోని మాటకూ వీధిలోని నడతకూ తేడా కనిపిస్తే అడగండి, రాయండి, ఓటు వేయండి. మా దేశం గొప్పదని చాటుకోవడం ఎవరికైనా తేలికే. దాన్ని నిజం చేసే పని ఈ రోజు నుంచి మీది. ఆ పనికి కావలసిన చదువు మీకుంది, ధైర్యం కూడా ఉండాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను. విజయీభవ!