అరచేతి యంత్రము – అదృశ్య బంధము



పదియవ శతాబ్దమున డెన్మార్కు నేకము చేసిన హెరాల్డ్ రాజునకు బ్లూటూత్, అనగా నీలిదంతుడు, అని మారుపేరు. యంత్రములను కలుపు నేటి రేడియో పద్ధతికిని ఆ పేరే పెట్టిరి. 1994లో స్వీడనులోని ఎరిక్‌సన్ సంస్థయందు దీనికి బీజము పడినది.

అరచేతి కంప్యూటరు దీనిచే, తీగ లేకయే, దాపుననున్న దీపమును వెలిగించును. వృద్ధుని వినికిడి యంత్రమున ధ్వనిని హెచ్చించును. తొలి పద్ధతిలో సంకేతము 79 మార్గములలో సెకనునకు 1600 మారులు గంతులిడును. అందుచే పొరుగింటి సంకేతములతో అంతగా చిక్కుపడదు.

అయితే సాధారణముగా యంత్రములు రెండును ముందు జతపడవలెను. అందులకు సమ్మతి నొసగువాడు యజమానియే. ఎరుగని పేరేదో తెరపై దోచి జత కోరినపుడు తొందరపడి సరే యనినచో, పెత్తనము పరులపాలు కావచ్చును. ఇంటి తాళపుచెవిని మనిషి నెరిగి యిచ్చు గృహస్థు ఈ సమ్మతినిగూడ నట్లే యీయవలెను.