లెక్కల పుస్తకం



పిల్లలకు పట్టాలిచ్చే ఇలాంటి సభలకు పిలిస్తే ప్రపంచం మీ కోసం ఎదురుచూస్తోందని చెప్పడం ఆనవాయితీ. ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా తిరిగాను. ప్రపంచం ఎవరి కోసమూ ఆగడం నేను చూడలేదు. దోర్నాల బస్సే ఆగదు.

పొద్దున టిఫిను దగ్గర మీలో నలుగురైదుగురు నన్ను చుట్టుముట్టారు. అమెరికాలో, మలేషియాలో ఉన్న తెలుగు పిల్లలతో కలిసి ఒక వార్తల బృందం పెడుతున్నామన్నారు. పేరు ఖాయమైంది, లోగో గీసేశారు. నిబంధనల కాగితమేదని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాసి తెచ్చుకున్న ప్రసంగాన్ని అందుకే పక్కన పెట్టాను.

నేను ఈ పని మొదలుపెట్టింది ఆత్మకూరులో, కంట్రిబ్యూటరుగా. జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి, ఆ కొలతను బట్టి డబ్బిచ్చేవాళ్లు. లైన్ అకౌంట్ అనేవాళ్లం దాన్ని. నెలాఖరున చాప మీద పాత పేపర్లు పరుచుకుని, నా వార్తలు కత్తిరించి, తెల్లకాగితాలకు జిగురుతో అంటించి, పక్కన స్కేలు పెట్టి సెంటీమీటర్లు వేసుకునేవాణ్ణి. అమ్మ అన్నానికి పిలిస్తే వేళ్లకు పట్టిన జిగురు గోక్కుంటూ లేచేవాణ్ణి. వార్తల కవరు కర్నూలు బస్సు డ్రైవరు చేతికివ్వాలి. బస్సు తప్పితే వార్త తప్పినట్టే.

ఒక ఎండాకాలం అడవిలో ఒక చెంచుగూడెం బోరు చెడిపోయింది. జనం వాగులో చెలమ తవ్వుకుని ఆ నీళ్లే తాగుతున్నారు. ఇరవై లైన్లు రాసి పంపాను. అచ్చయ్యేసరికి ఆరు లైన్లు మిగిలాయి, గూడెం పేరు మారిపోయింది. అధికారులు పేపర్లో పేరున్న గూడేనికి వెళ్లి, బోరు బాగానే ఉందని రాసుకుని తిరిగొచ్చారు. సవరణ వేయమని ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఇంతకీ నువ్వెవరు?" వాళ్లు అచ్చువేసిన వార్తే, రాసినవాణ్ణి నేనే. అయినా ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఏ రిజిస్టర్‌లోనూ నా పేరు లేదు మరి.

ఆ ఉక్రోషంలోంచే నలుగురం ఒకటయ్యాం. ఆత్మకూరులో నేను, దోర్నాల, మార్కాపురం, అచ్చంపేటల్లో ఒక్కొక్కరు. మావి నాలుగూ ఒకదానికొకటి పోటీ పత్రికలు. శ్రీశైలానికి త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం నాలుగు ద్వారాలు కదా, నల్లమలకు మేం నాలుగు ద్వారాలమని టీ తాగుతూ గొప్పలు పోయేవాళ్లం. కట్టుబాట్లు నోటిమాటగానే పెట్టుకున్నాం. గూడెం వార్త ఎవరికి తెలిసినా మిగతా ముగ్గురికీ చెప్పాలి. ఎవరికి వాళ్లు విచారించుకుని రాయాలి. నాలుగింట్లో ఒకే రోజు రావాలి. ఒక పేపర్లో వస్తే అధికారులు దులిపేసుకుంటారు, నాలుగింట్లో వస్తే జీపు కదులుతుంది.

డబ్బున్నవాళ్ల విదేశీ డొల్ల కంపెనీల గుట్టు విప్పిన పనామా పత్రాలు 2016 ఏప్రిల్ 3న బయటపడ్డప్పుడు, ఆ పని ఎలా చేశారో చదివి నాలో నేనే నవ్వుకున్నాను. ఒక జర్మన్ పత్రికకు కోటీ 15 లక్షల పత్రాలు అందాయి. వాటిని ఆ పత్రిక తనొక్కతే దాచుకోలేదు. 1997లో పుట్టిన అంతర్జాతీయ పరిశోధక విలేకరుల కూటమి ద్వారా 80 దాకా దేశాల్లోని 370 మందికి పైగా విలేకరులు వాటిని పంచుకున్నారు. గడువుకు ముందు ఎవరూ నోరు మెదపలేదు. మా టీకొట్టు కట్టుబాటే అది. కాకపోతే వాళ్లకు ఒక కార్యాలయం, ఒక బోర్డు, జమాఖర్చులు ఉన్నాయి.

మాకు ఒక నోటుపుస్తకం ఉండేది. ఫోన్లకు, ఫిల్ము రీళ్లకు నెలకు తలా పాతిక వేసుకునేవాళ్లం. పుస్తకం, డబ్బు రెండూ దోర్నాల టీకొట్టు పెద్దాయన దగ్గరే. రెండో ఏడు మాలో ఒకతను, భార్య కాన్పుకని అందులోంచి నాలుగు వందలు తీసుకున్నాడు. తర్వాత వేస్తానన్నాడు. ఒకరు పోనీలెమ్మన్నారు. ఇంకొకరు మమ్మల్ని అడక్కుండా ఎట్లా తీస్తావన్నారు. తీయొచ్చా, తీయకూడదా, తేల్చాల్సిందెవరు? ఎక్కడా రాసుకోలేదు. మొదట్లో అచ్చంపేట తమ్ముడు నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టుకుందామన్నాడు. "మనలో మనకు రాతకోతలెందుకబ్బా" అని కొట్టిపారేసింది నేనే. నెల తిరిగేసరికి నాలుగు ద్వారాలూ మూతపడ్డాయి.

పెద్ద సంఘాలకూ తప్పలేదీ చీలిక. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, 1946లో, విలేకరుల అంతర్జాతీయ సంస్థ కోపెన్‌హేగన్‌లో పుట్టింది. కేంద్రం ప్రాగ్‌కు చేరింది. ప్రచ్ఛన్నయుద్ధం ముదిరాక అది సోవియట్ పక్షమైపోయిందని పశ్చిమ దేశాల సంఘాలు బయటికొచ్చి, 1952లో బ్రస్సెల్స్‌లో అంతర్జాతీయ జర్నలిస్టుల సమాఖ్య పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. నాలుగు వందల రూపాయలకు మేం విడిపోయాం, వాళ్లు రాజకీయానికి విడిపోయారు. అంతే తేడా.

మన దేశంలో వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య 1950 అక్టోబరు 28న ఢిల్లీలో పుట్టింది. మొదటి అధ్యక్షుడు తెలుగువాడు, నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు మానికొండ చలపతిరావు. తర్వాత రెండేళ్లకు వేసిన ప్రెస్ కమిషన్‌లో ఆయన సభ్యుడు. 1955లో విలేకరుల జీతాలకు, పనిగంటలకు, గ్రాట్యుటీకి చట్టం వచ్చింది. అంతకు చాలా ముందే కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పాతికేళ్ల వయసులో, ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు మూడేళ్ల జైలుశిక్ష అనుభవించాడు. ఆయన జైలుకు పోయిన 42 ఏళ్లకు గాని ఈ సమాఖ్య రాలేదు.

అయితే ఆ 1955 చట్టంలో విలేకరి అంటే ఎవరో చెప్పేచోట ‘ప్రధాన వృత్తి’ అన్న మాట ఒకటి ఉండేది. నా బతుకుకు కిరాణా కొట్టు ఆధారం, వార్తలు దాని పక్కన. ఆ ఒక్క మాట దగ్గరే నాలాంటివాళ్లు చాలామంది గడప బయట ఆగిపోయాం. అందుకే నిబంధనల కాగితంలో నేను ముందు చూసేది సభ్యుడంటే ఎవరన్న వాక్యం. మిగతాది తర్వాత.

ఒక్కో సంస్థ దీన్ని ఒక్కోలా తేల్చుకుంది. పనామా పత్రాల కూటమిలో సభ్యులు వ్యక్తులు, పిలిస్తేనే చేరాలి. 2003లో మొదలైన ప్రపంచ పరిశోధక జర్నలిజం నెట్‌వర్క్‌లో సభ్యత్వం సంస్థలకు. మీ ఈడు పిల్లలు 2004లో పెట్టుకున్న యూరోపియన్ యూత్ ప్రెస్‌లో ఒక్కో దేశంలోని యువ పాత్రికేయ సంఘాలే సభ్యులు. వాటి ప్రతినిధులు సర్వసభ్య సమావేశంలో కూర్చుని కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. మీరు వీటిలో ఏ దారి పట్టినా నాకు అభ్యంతరం లేదు. ఇప్పటికి మీ దగ్గరున్నది వాట్సాప్ గ్రూపు, దానికో అడ్మిన్. ఆయన్ను ఎన్నుకున్నదెవరు? రేపు ఆయన అలిగితే దింపేదెవరు? అమెరికాలో ఉన్న పిల్లాడు డాలర్లు పెడతాడు, ఆత్మకూరు పిల్ల ఎండలో తిరిగి వార్త తెస్తుంది. ఇద్దరికీ ఓటు ఒక్కటేనా? గూడెం పేరు తప్పుపడితే ఆ పిల్ల ఎవరికి ఫోన్ చేయాలి?

నన్నడిగితే, నమూనా కోసం యూరప్‌దాకా పోనక్కర్లేదు. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు 2001లో ‘నవోదయం’ అని పత్రిక పెట్టారు. ఉత్తరాదిన ఎంతో పేరొచ్చిన ‘ఖబర్ లహరియా’ కంటే ఒక ఏడాది ముందే. ఊళ్లు తిరిగి రాసింది ఆ ఆడవాళ్లే. నెలనెలా కూర్చుని మాట్లాడుకోవడం పొదుపు సంఘాల్లో వాళ్లకు అలవాటైన పనే. తీర్మానం రాస్తారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు, డబ్బు అందరి ఎదుటా లెక్కపెడతారు. చదువుకున్న మా నలుగురికీ ఆ బుద్ధి పుట్టలేదు.

ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నది ఆ నోటుపుస్తకమే. పెద్దాయన పోయాక వాళ్లబ్బాయి తెచ్చిచ్చాడు. అట్ట మీద టీ గ్లాసు మరక చూడండి. మేం విడిపోయాక పదకొండేళ్ల పాటు పేజీలన్నీ ఖాళీ. ఆ తర్వాత పెద్దాయన వంకర రాతలో ఒక్క పద్దు ఉంది: నాలుగు వందలు జమ, కింద మా స్నేహితుడి సంతకం. అప్పటికి మా సంఘమే లేదు. ఆ డబ్బు అతను ఎవరికి చెల్లించాడో, పెద్దాయన ఎవరి పేరున జమ వేసుకున్నాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూస్తారు, నేను ఆలోపు దోర్నాల దాటాలి. అందాకా పుస్తకం ఇక్కడే ఉంటుంది. పొద్దున కలిసిన పిల్లలు తెల్లకాగితం పట్టుకుని రండి, మొదటి వాక్యం దగ్గర కూర్చుందాం.