వ్రాయు యంత్రము - గుమాస్తా జీవనము
(పఠనమందిర సభయందు చేయబడిన ప్రసంగము)



నాలుగక్షరముముక్కలు నేర్చినవానికి కూటికి కరవులేదని మన పెద్దలు నమ్మిరి. ఇప్పుడా అక్షరములనే యంత్రము నేర్చినది. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ వెలువడినది మొదలు జాబులు, అర్జీలు, అనువాదములు, తుదకు కంప్యూటరు ప్రోగ్రాములు సైతము అడిగిన క్షణమున సిద్ధమగుచున్నవి. పూర్వము యంత్రము చేనేతవాని మగ్గమును మూలబెట్టినప్పుడు చదువరులమైన మనము జాలిపడి యూరకుంటిమి. నేడది మన బల్లయొద్దకే వచ్చినది.

ఉద్యోగములన్నియు రేపే నశించునని కేకలువేయువారితో మేము ఏకీభవింపము. గుమాస్తా పనులకే తాకిడి హెచ్చనియు, పెక్కు కొలువులలో యంత్రము మనుష్యుని తొలగించుటకంటె అతని పనిలో కొంత పంచుకొనుననియు అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో తెలిపినది.

మమ్ము కలతపెట్టినది వేరొక విషయము. అమెరికా ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ మరి యిద్దరితో గూడి, కొనుగోలుదారుల సందేహములు తీర్చు ఐదువేలమందికి పైబడిన ఉద్యోగుల పనిని పరిశీలించి 2023లో ఫలితములు ప్రకటించెను. యంత్రసాహాయ్యమువలన గంటకు తీరిన సమస్యలు సగటున నూటికి 14 వంతున పెరిగినవి. క్రొత్తవారికి 34, ఆరితేరినవారికి లాభము అత్యల్పము. కారణమేమన, యంత్రము ఆరితేరినవారి సంభాషణలనుండియే నేర్పు గ్రహించి క్రొత్తవారికి అందించినది. విసిగిన కొనుగోలుదారుల తిట్లు తిని యేండ్లతరబడి గడించిన నేర్పది! దానికి ప్రతిఫలమెవరిత్తురు? ఈ ప్రశ్న ఆ పరిశోధకులే లేవనెత్తిరి. మా నోట పుట్టినది కాదు.

మరియొక చిక్కు గలదు. చిత్తుప్రతులు వ్రాసి, పెద్దలచే దిద్దించుకొని, చీవాట్లు తినియే మనలో ప్రతివాడును పనివాడైనాడు. (ఈ వ్రాతగాండ్రును అట్లే తయారైరి.) ఆ చిత్తుపనిని యంత్రమున కప్పగించి క్రొత్తవారిని చేర్చుకొనుట మానినచో, ఇరువది యేండ్లకు దిద్దగలవాడెవడుండును?

హాలీవుడ్డు రచయితలు సుమారు 11,500 మంది 2023 మే 2వ తేదీన కలములు క్రిందబెట్టి, 148 దినములు సమ్మె సాగించిరి. యంత్రమును రచయితగా పేర్కొనరాదు, దానిని వాడుమని రచయితను నిర్బంధింపరాదు, యంత్రము వ్రాసినదానిని చేతికిచ్చునపుడు ఆ సంగతి దాచరాదు - ఈ షరతులను యజమానులచే వ్రాతపూర్వకముగ ఒప్పించిరి. వారికి సంఘబలము గలదు. హైదరాబాదు మాధాపురమునందు రాత్రింబవళ్లు దూరదేశములవారికి బదులుచెప్పు మన యువకులు కొలువులో చేరునాడు సంతకము చేయు కాగితములలో ఇట్టి షరతు ఒక్కటైన నున్నదేమో, సభ ముగిసిన పిమ్మట మీ యింటి బిడ్డల నడిగి చూడుడు.