విచారణ లేని తీర్పు: ఖ్వాజా మహమూద్ గవాన్ ఉదంతం

సర్వ స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!



దివ్య ఖుర్ఆన్‌లోని 49వ సూరా అల్ హుజురాత్. దాని 6వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. దుర్మార్గుడెవడైనా ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించాలని, లేనిపక్షంలో తెలియక ఇతరులకు హాని చేసి, పిదప పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరించాడు. ఈ ఆజ్ఞను విస్మరించిన ఒక రాజ్యం గతి ఏమైందో నేడు తెలుసుకుందాం. ఆ రాజ్యం మన దక్కన్‌లోనిదే.

బహమనీ సుల్తానుల రాజ్యం 1347లో ఏర్పడింది. మొదట గుల్బర్గా, తరువాత బీదర్ దానికి రాజధానులయ్యాయి. కాస్పియన్ సముద్ర తీరాన ఉన్న గీలాన్ నుండి ఖ్వాజా మహమూద్ గవాన్ వర్తకుడిగా ఈ దేశానికి వచ్చారు. తమ విద్య, వివేకం, నిజాయితీల వలన సుల్తానుల ఆదరణ పొంది, మూడవ ముహమ్మద్ షా కాలంలో ప్రధానమంత్రి అయ్యారు.

వారి సేవలు స్వల్పమైనవి కావు. 1472లో గోవాను రాజ్యంలో కలిపారు. నాలుగు తరఫులుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విభజించారు. మన తెలంగాణ తరఫు వరంగల్, రాజమహేంద్రవరం అనే రెండు తరఫులయింది. ఒక్కొక్క తరఫ్‌దారు చేతిలో ఒకే కోట ఉండాలని, మిగిలినవి సుల్తాను అధీనంలో ఉండాలని నిర్ణయించారు. భూములను కొలిపించారు. బీదర్‌లో మూడు అంతస్తుల మదరసా కట్టించి, దానికి గొప్ప గ్రంథాలయాన్ని సమకూర్చారు. రంగుల పలకలు పొదిగిన ఆ కట్టడం గోడలు, ఒక మీనారు నేటికీ నిలిచి ఉన్నాయి. ఉస్మానియా సుల్తాన్ రెండవ మహమ్మద్‌తోను, హెరాత్‌లోని మహాకవి జామీతోను వారు లేఖలు నడిపారు. ఆ లేఖల సంపుటి ‘రియాజుల్ ఇన్షా’ పేరుతో మనకు దక్కింది. దక్కన్‌ను దూరదేశాలతో కలిపినవి ఆ లేఖలు. కానీ వారి ప్రాణం తీసింది కూడా ఒక లేఖే.

సోదరులారా! ఆనాటి దర్బారు రెండు వర్గాలుగా చీలి ఉండేది. ఎప్పటినుండో ఇక్కడ స్థిరపడినవారు దక్కనీలు. సముద్రం దాటి కొత్తగా వచ్చినవారు ఆఫాఖీలు. ఇరువురూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారు. అయినా ఒకరి ఉన్నతిని మరొకరు ఓర్వలేకపోయారు. ఖ్వాజా ఉభయ వర్గాలకూ పదవులు పంచి సమతూకం పాటించజూశారు. కానీ అధికారం తగ్గిన అమీర్లు పగబట్టారు. ఆయన ముద్రను కాపాడే సేవకుణ్ణి వలలో వేసుకొని, ఖాళీ కాగితంపై ఆ ముద్ర వేయించుకున్నారు. ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మని పిలుస్తున్నట్లు దానిపై రాత సృష్టించి సుల్తాను ముందుంచారు.

సుల్తాను అప్పుడు నేటి విజయవాడ సమీపాన ఉన్న కొండపల్లిలో విడిది చేసి ఉన్నారు. ఖ్వాజాను పిలిపించి, ద్రోహికి శిక్ష ఏమిటని అడిగారు. మరణమేనని ఖ్వాజా బదులిచ్చారు. అప్పుడు లేఖ చూపించారు. ముద్ర తనదేనని, రాత మాత్రం తనది కాదని ఆ వృద్ధుడు విన్నవించుకున్నారు. ఆ రాత ఎవరిదని సుల్తాను విచారించలేదు. ముద్ర వేసినవాణ్ణి పిలిపించలేదు. మద్యం మత్తులో, ఆగ్రహంలో శిరచ్ఛేదానికి ఆజ్ఞాపించారు. అది 1481 ఏప్రిల్ 5. ఖ్వాజా వయస్సు అప్పటికి డెబ్భై దాటింది.

తరువాత ఆయన ధనాగారాన్ని వెదికించగా కూడబెట్టిన సంపద కనిపించలేదని చరిత్రకారుడు ఫిరిష్తా రాశారు. సత్యం బయటపడ్డాక సుల్తాను కుమిలిపోయి, ఏడాది తిరగకముందే మరణించారు. కొన్నేళ్లకే రాజ్యం చీలి, కాలక్రమంలో బీజాపూర్, అహ్మద్‌నగర్, బేరార్, బీదర్, గోల్కొండ అనే ఐదు రాజ్యాలయింది. ఆయతు హెచ్చరించిన పశ్చాత్తాపం అక్షరాలా ఎదురైంది. కానీ పోయిన ప్రాణం తిరిగి రాలేదు.

కోపంలో ఉన్న న్యాయమూర్తి ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. విన్న ప్రతి మాటనూ ఇతరులకు చేరవేయడమే మనిషి అబద్ధీకుడనడానికి చాలునని కూడా తెలిపారు. నేడు సుల్తాను సింహాసనం మనకు లేదు. అయినా ప్రతి ఒక్కరి చేతిలో తీర్పు ఉంది. ఫోనులో ఒక సందేశం వస్తుంది. అందులో కనిపించే పేరు, ఫోటో నిజమైనవే కావచ్చు. రాత ఎవరిదో మనం అడుగుతున్నామా? ఒక ఆడపిల్ల నడవడి గురించి ఎవరో అన్న మాటతో కుదిరిన సంబంధం రద్దవుతుంది. మస్జిద్ లెక్కలు చూసే వ్యక్తిపై పుకారు పుడుతుంది. లెక్కల పుస్తకం తెరవకముందే ఆయన దొంగ అయిపోతాడు. శిరస్సు తెగకపోవచ్చు, పరువు తెగుతుంది.

కనుక ఏ నింద విన్నా మనం మూడు పనులు చేద్దాం. చెప్పినవాని ఉద్దేశం గమనిద్దాం. నిందితుని మాట ఆలకిద్దాం. కోపం చల్లారేవరకు నోటిని, వేలిని ఆపుదాం. అల్ హుజురాత్ సూరాలోనే 13వ ఆయతు, అల్లాహ్ వద్ద ఎక్కువ గౌరవనీయుడు ఎక్కువ దైవభీతి కలవాడేనని తెలుపుతోంది. ఇక భాషను బట్టి, బిరాదరీని బట్టి, జమాఅతును బట్టి మనలో మనం దక్కనీలుగా, ఆఫాఖీలుగా చీలడం ఎందుకు?

ఓ అల్లాహ్! మా నాలుకలను అపనిందల నుండి, మా హృదయాలను అసూయ నుండి, మా తీర్పులను అన్యాయం నుండి కాపాడు. మా మధ్య ఐకమత్యాన్ని ప్రసాదించు. ఆమీన్.